కొటేషన్ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం

స్లా. యాం. ర్యాకు 6½ × 3 × 1½. అరలు 5.
కాళ్ళు 14, రేకు 18.
అరకు 100 కి.
నట్టు బోల్టు, కార్నరు కలిపి.
గోడ బిగింపు, రవాణా, జి.ఎస్.టి. అదనం.

అవతారిక

ఇంటి వెనక ఖాళీ జాగాలో పెద్ద షెడ్డు వేయించి, వడ్రంగి బల్ల, వెల్డింగ్ సెట్టు, నిలువు డ్రిల్లు, బెంచి గ్రైండరు చేర్చుకున్న గృహస్థుడు ఒకడున్నాడు. పని చేతులతో చేసుకోవడం అతనికి ఇష్టం. పారేయడం మాత్రం చేతకాదు. పాత మోటారు, సగం వాడిన పెయింటు బకెట్టు, తలుపు మార్చినప్పుడు మిగిలిన టేకు ముక్కలు, ఎప్పటికైనా పనికొస్తుందని దాచిన గేరుబాక్సు, ఇవన్నీ నేల మీదే ఉన్నాయి. చివరికి నేల కనబడక, సికింద్రాబాదు రాణీగంజుకో విజయవాడ ఆటోనగర్‌కో వెళ్ళి ర్యాకుల దుకాణంలో అడిగాడు. యజమాని ఫోను చెవికి పెట్టుకునే, బిల్లు పుస్తకం వెనక అయిదు పంక్తులు రాసి చేతికిచ్చాడు. అదే ఈ మూలం.

సూత్రమన్నది తక్కువ అక్షరాలతో, సందేహానికి చోటు లేకుండా ఉండాలని పెద్దలన్నారు. మొదటి లక్షణం ఇక్కడ నూటికి నూరుపాళ్ళూ ఉంది. రెండోది లేదు కాబట్టే టీక అవసరమైంది. టీకాకారులకు తలమానికమైన కోలాచల మల్లినాథసూరి మన మెదకు సీమవాడే. ఆధారం లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆయన ప్రతిజ్ఞ. ఆ ప్రతిజ్ఞను ఇక్కడ నిలబెట్టుకోవడం కష్టం. ర్యాకు ఎందుకు నిలబడుతుందో, ఎందుకు కూలుతుందో చెప్పే మాటలు ఈ మూలంలో దాదాపు లేవు.

ప్రతిపదార్థం

స్లా. యాం. = వరుసగా చిల్లులు పొడిచిన ఇనుప యాంగిళ్ళతో బిగించిన; ర్యాకు = నాలుగు కాళ్ళ మీద రేకులు పరిచిన కట్టడము; 6½ = ఎత్తు ఆరున్నర అడుగులు; 3 = పొడవు మూడడుగులు; 1½ = లోతు అడుగున్నర; అరలు 5 = అయిదంతస్తులు; కాళ్ళు 14 = కాళ్ళు పద్నాలుగు గేజివి (కాళ్ళు పద్నాలుగని భ్రమపడరాదు, అవి నాలుగే); రేకు 18 = అరకు వేసిన రేకు పద్దెనిమిది గేజిది; అరకు 100 కి. = ఒక్కొక్క అర నూరు కిలోలు మోయునది; కలిపి = చెప్పిన ధరలోనే; అదనం = చెప్పిన ధరలో లేనివి; ‘అగును’ అని చేర్చుకొనవలెను.

తాత్పర్యం

ఇంత డబ్బుకు ఇంత ఇనుము ఇస్తాను, నిలబెట్టుకోవడం నీ పని అని భావము.

విశేషాలు

‘స్లా. యాం.’ అన్న చోట ఆద్య సూత్రకారుణ్ణి తలచుకోవాలి. డెమిట్రియస్ కొమీనో 1902లో సిడ్నీలో గ్రీకు కుటుంబంలో పుట్టి, లండనులో అచ్చుయంత్రాలు నడిపినవాడు. ప్రెస్సులో అవసరం మారినప్పుడల్లా బల్లలూ అరలూ కొత్తగా చేయించడం, పాతవి పారేయడం చూసి విసిగి, చిల్లులున్న యాంగిలు తయారుచేసి, 1947లో ‘డెక్సియన్’ పేరుతో అమ్మకానికి పెట్టాడు. కావలసిన పొడవుకు కోసుకో, చిల్లులు కలిసిన చోట బోల్టు వెయ్యి, అక్కర తీరాక విప్పి మరోటి చేసుకో. వెల్డింగు లేదు, కొలిమి లేదు. ఈ రోజు మన ఊళ్ళ మందుల షాపుల్లో, ఎరువుల గోదాముల్లో, ఆఫీసుల రికార్డు గదుల్లో కనిపించే బూడిదరంగు ర్యాకులన్నీ ఆ వంశమే. అర ఎత్తు మార్చుకునే వీలుండటమే ఇందులో గొప్ప. షెడ్డులో సామాను ఏటా ఒకేలా ఉండదు కదా.

‘కాళ్ళు 14, రేకు 18’ అన్న చోట విరోధాభాసం. పద్నాలుగు కన్నా పద్దెనిమిది పెద్దది, కానీ మందంలో పద్నాలుగే పెద్దది. గేజి లెక్క తీగ లాగే పనిలో పుట్టింది. తీగను ఎన్నిసార్లు అచ్చులోంచి లాగితే అంత సన్నమయ్యేది, అంకె అంత పెరిగేది. ఆ పాత బ్రిటిషు లెక్క ప్రకారం 14 గేజి అంటే రెండు మిల్లీమీటర్లు, 16 అంటే 1.6, 18 అంటే 1.2, 20 అంటే 0.9, 22 అంటే 0.7. ఇది తెలియని గృహస్థుడు ‘పద్దెనిమిది కాదు, నాకు ఇరవై రెండే కావాలి, ఖర్చయినా ఫరవాలేదు’ అంటే దుకాణదారు కాదనడు.

ఇక్కడే పాఠాంతరముంది. కొటేషనులో ‘18’ అనీ, ఇంటికి దిగిన ర్యాకులో ‘22’ అనీ పాఠం కనిపిస్తుంది. లేఖకదోషమని కొందరు సమర్థిస్తారు గానీ, దోషం ఎప్పుడూ సన్నం వైపే జరగడం చూస్తే ఆ సమర్థన నిలవదు. సరైన పాఠాన్ని తేల్చే ప్రమాణాలు రెండు. ఒకటి వెర్నియర్ కాలిపరు, రంగు లేని అంచు దగ్గర పెట్టి చూడాలి. రెండోది తరాజు. మూడడుగులు, అడుగున్నర రేకు 18 గేజిదైతే పైభాగమే నాలుగు కిలోలుంటుంది, 22 గేజిదైతే రెండుంబావు కిలోలు కాస్త దాటుతుంది. అంచుల మడతల బరువు దీనికి అదనం. ఒక్క రేకును తూకం వేయించమని అడిగి చూడండి. దుకాణంలో మాట తీరే మారిపోతుంది.

అయితే మందం ఒక్కటే చూసేవాడు సగం చదివినవాడు. రేకు బలం అంచు మడతలో ఉంది. చదునైన రేకు ఎంత మందమైనా కుంగుతుంది. అంచును కిందికి అంగుళమో అంగుళమున్నరో మడిచినప్పుడే అది బరువుకు నిలుస్తుంది. మడత లోతుగా ఉన్న 20 గేజి రేకు, మడత పొట్టిగా ఉన్న 18 గేజి రేకును ఓడించగలదు. కాబట్టి రేకును తిరగేసి చూడాలి. కింద మధ్యలో పొడవునా ఒక బద్దె వేసి ఉంటే ఇంకా మంచిది.

‘3’ అన్నది ఈ మూలంలో అన్నిటికంటే బరువైన అంకె. అడుగుకు ఇంత బరువని సమంగా పరిచినప్పుడు, అర కుంగడం పొడవు నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. అంటే మూడడుగుల అరను నాలుగడుగులు చేస్తే కుంగడం మూడింతలు దాటుతుంది, ఆరడుగులు చేస్తే పదహారింతలు. ‘రెండు ర్యాకులెందుకు సార్, ఒకే పెద్దది చేస్తే నాలుగు కాళ్ళు మిగుల్తాయి’ అన్న సలహా వింటే ఈ లెక్క గుర్తు చేసుకోండి. ఆ మిగిలిన నాలుగు కాళ్ళే అరను మోసేవి. పెద్ద షెడ్డు ఉంది కదా అని పెద్ద ర్యాకు కొననక్కరలేదు, మూడడుగులవే పక్కపక్కన నిలబెట్టుకోవచ్చు. ‘1½’ గురించి రెండు మాటలు చాలు. రెండడుగుల లోతు వేయిస్తే వెనక పెట్టిన వస్తువు మళ్ళీ కనబడదు, ఉందని మరచి ఇంకొకటి కొంటారు.

‘అరకు 100 కి.’ అన్న చోట శ్లేష. దీన్ని రోడ్డు పక్క మైలురాయిగా కూడా చదవవచ్చు. విశాఖ వాసులు ఆ దూరం ఇంకాస్త ఎక్కువంటారు, ర్యాకు విషయంలో అసలు సంఖ్య తక్కువంటాను. వాచ్యార్థం నూరు కిలోలు. వ్యంగ్యార్థం ఏమిటంటే, రేకంతా సమంగా పరిచిన నూరు కిలోలు. పుస్తకాలు, టైల్సు పెట్టెలు అలా పరుచుకుంటాయి. గేరుబాక్సు పరుచుకోదు. అది తన రెండు మూడు బోల్టు చెవుల మీద రేకు నడిమధ్య కూర్చుంటుంది, అప్పుడు నూరు మాట మరచిపోవాలి. షెడ్డు సామాను బరువు మన కంటికి అందదు. పది లీటర్ల బకెట్టు నిండా నట్లూ బోల్టులూ పోస్తే ముప్ఫై కిలోలు దాటుతుంది. ఇరవై లీటర్ల ఎమల్షను బకెట్టు పాతిక కిలోలు దాటుతుంది. అందుకని ఇలాంటి బరువులు పెట్టే అరకు రేకు కింద 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ కాదు, రేకు పైన 18 మిల్లీమీటర్లది పరవాలి. ప్లై బిగువు మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి పన్నెండుకూ పద్దెనిమిదికీ మధ్య తేడా మూడింతల పైమాటే.

అరకు నూరు చొప్పున అయిదు నిండితే అయిదు వందల కిలోలు, ఒక్కొక్క కాలి కింద నూట పాతిక. అది యాంగిలు సన్నటి అంచు మీద దిగితే టైలు పగులుతుంది. తాండూరు బండ గుల్లగా పరిచి ఉంటే అదీ అంతే. కాలి కింద ఇనుప బిళ్ళ అడగాలి, ప్లాస్టిక్ తొడుగు సరిపోదు.

‘కార్నరు కలిపి’ అన్నది దుకాణదారు ఔదార్యంగా చెప్పే మాట. నిజానికి కార్నరు ప్లేటు లేని ర్యాకు ర్యాకే కాదు. చిల్లులు నిడుపుగా ఉంటాయి, బోల్టు ఎంత బిగించినా రవ్వంత జారుతుంది. నాలుగు మూలలూ రవ్వంత జారితే దీర్ఘచతురస్రం పక్కకు ఒరిగి, కీళ్ళు వదులైన పాత మంచంలా ఊగుతుంది. త్రిభుజం అలా ఒరగదు. అందుకే మూలల్లో త్రికోణపు బిళ్ళలు. అవి కూడా పై అరకూ కింది అరకూ మాత్రమే వేసి మధ్యవి వదిలేస్తే చాలదు. వెనక వైపు ఇంటూ ఆకారంలో రెండు పట్టీలు కొట్టించాలి. వాటి ఖర్చు స్వల్పం. ఒక రేకు తగ్గించుకుని అయినా ఆ పట్టీలు కొనమంటాను.

పూర్వపక్షం

కడప బండ వేయిస్తే ఇంకా చవక కదా అని కడప, కర్నూలు వైపు వారు ఆక్షేపిస్తారు. వంటింట్లో తరాలుగా నిలిచింది నిజమే. కానీ అంగుళం మందపు బండ, మూడడుగులు అడుగున్నరది, తానే ఇరవై ఎనిమిది కిలోలుంటుంది. పైగా రాయి ఒత్తిడికి గట్టిదే గాని వంపుకు కాదు. ఇనుము కుంగి ముందుగా హెచ్చరిస్తుంది. బండ హెచ్చరించదు, ఒకరోజు రెండు ముక్కలవుతుంది. గోడలో దిమ్మెలు కట్టి, రెండడుగులకొక ఆధారమిచ్చి వేస్తే నాకు అభ్యంతరం లేదు.

పాత ర్యాకులు కొంటే సగం ధరకే రావా అని మరొక పూర్వపక్షం. ఇది బలమైన పక్షం, ఒప్పుకుంటున్నాను. మూసేసిన దుకాణాల, గోదాముల ర్యాకులు పాత ఇనుము వాళ్ళ దగ్గర కిలో లెక్కన దొరుకుతాయి, అప్పట్లో రేకు మందంగానే వేసేవారు. చూడవలసింది కాలు నిటారుగా ఉందా అని. కాలిని నేల మీద పరిచి, ఒక కన్ను మూసి అంచు వెంట చూస్తే వంకర తెలుస్తుంది. రేకు వంగితే సాగగొట్టి వాడవచ్చు, వంగిన కాలును మాత్రం ఎంత చవకైనా తీసుకోకూడదు. కోసిన చివరల్లో తుప్పు ఉంటుంది, కోస్తా జిల్లాల్లో మరీను. గీకి రెడ్ ఆక్సైడు పూయాలి. కొత్తగా మెరిసే రంగు వేసిన పాత ర్యాకును అనుమానించండి. రంగు కింద ఏముందో అమ్మేవాడికి తెలుసు.

అటక ఉండగా ర్యాకెందుకన్న మూడో పక్షానికి జవాబు ఇవ్వను. అటకెక్కినవి ఏమవుతాయో తెలుగువారికి చెప్పనక్కరలేదు.

అదనం

ఈ మూలానికంతటికీ ప్రాణమైన పదం ఇదే, దుకాణదారు దాన్ని చివర పెట్టాడు. రవాణా సంగతి సరే. జి.ఎస్.టి. పద్దెనిమిది శాతం. పురాణాలూ పద్దెనిమిదే, భారత పర్వాలూ పద్దెనిమిదే, మన రేకూ పద్దెనిమిదే, కనుక సంఖ్య పవిత్రమని సరిపెట్టుకుందాం. గోడ బిగింపు మాత్రం ఆ కోవలోది కాదు.

ఎత్తు లోతుకు నాలుగింతలు మించితే ర్యాకును గోడకో నేలకో కట్టాలని ఈ వృత్తిలో వాడుకలో ఉన్న లెక్క. ఆరున్నరను అడుగున్నరతో భాగించి చూడండి, నాలుగుకు పైనే వస్తుంది. అంటే మూలం మొదటి పంక్తే చివరి పంక్తిని అడ్డంగా ఖండిస్తోంది. బరువైనవి కింది అరల్లో పెట్టిన ర్యాకు కొంత ఓర్చుకుంటుంది. పెయింటు బకెట్లు పైన, ఖాళీ అట్టపెట్టెలు కింద పెట్టిన ర్యాకు మీదికి, పై అర అందుకోవాలని పిల్లవాడొకడు కింది అర మీద కాలు పెట్టి ఎక్కితే ఏమవుతుందో నేను రాయను.

గోడ మట్టి ఇటుకదో సిమెంటు ఇటుకదో అయితే ప్లగ్గు వేసి, పై అర దగ్గర రెండు చోట్ల యాంగిలు ముక్కతో పట్టుకుంటే చాలు. తేలికపాటి ఏ.ఏ.సి. దిమ్మెల గోడైతే మామూలు ప్లగ్గు ఊడివస్తుంది, ఆ దిమ్మెలకని వేరే ఫాస్టనర్లు అమ్ముతారు, అవే వేయాలి. రేకుల షెడ్డులో గోడే లేకపోతే, రెండు ర్యాకులను వీపుకు వీపు ఆనించి బోల్టులు బిగిస్తే లోతు మూడడుగులై, నిలకడ దానంతటదే వస్తుంది. థిన్నరు, పెట్రోలు డబ్బాలు ఏ ర్యాకులోనైనా కింద పెట్టండి, వెల్డింగు సెట్టుకు దూరంగా.

కనుక అడ్వాన్సు ఇచ్చే ముందు ఆ కాగితం దుకాణదారుకే తిరిగిచ్చి, ‘గోడ బిగింపు’ అన్న రెండు మాటలు అయిదో పంక్తిలో కొట్టేయించి, నాలుగో పంక్తిలో ‘కలిపి’కి ముందు రాయించండి. ‘18’ పక్కన మిల్లీమీటర్లలో ‘1.2’ అని కూడా వేయించి సంతకం తీసుకోండి. రాయనంటే పక్క దుకాణానికి వెళ్ళండి.