32కి 32

నా తెలివి మీద నాకెప్పుడూ అనుమానం లేదు. మీకు మాత్రం ఉందా ఏం? అందుకే కొండాపూర్‌లో కార్మికుల కోసం పెట్టిన మానసిక ఆరోగ్య శిబిరంలో "వచ్చినవాళ్లు తృప్తిపడ్డారో లేదో ఎవరైనా కనుక్కోండి" అనగానే అందరికంటే ముందు చెయ్యెత్తాను.

చేతిలో సీఎస్‌క్యూ-8 పెట్టారు. కాలిఫోర్నియా పరిశోధకులు 1979లో ప్రచురించిన ఎనిమిది ప్రశ్నల కాగితం. ప్రశ్నకి ఒకటి నుంచి నాలుగు మార్కులు, మొత్తం 32. నాలుగు ప్రశ్నలకి మంచి జవాబు మొదట ఉంటుంది, మిగతా నాలుగింటికి చివర. నాకు నవ్వొచ్చింది. అంత చదివినవాళ్లకి ఓ వరస తెలీదా? పాశమైలారం ఫ్యాక్టరీ షెడ్లలో డ్యూటీ దిగొచ్చిన బిహారీ, ఒడియా కుర్రాళ్లని ఇంత తికమక పెట్టాలా? రాత్రికి రాత్రే తెలుగు, హిందీ, ఒడియా మూడింట్లోనూ "చాలా బాగుంది"లన్నీ మొదటి గడిలోకి లాగేశాను. ఒడియా నాకు రాదు, నా ఫోన్‌కి వచ్చు.

మర్నాడు చూడాలి మార్కులు! 32, 32, 32. కాగితాలతో ఫొటో దిగాను, వాట్సాప్‌లో పెట్టాను, మైకు లాక్కున్నాను, "మూడు భాషల్లోనూ నూటికి నూరు" అని ఉపన్యాసం దంచాను, ముందు వరసలో చప్పట్లు కొడుతున్న ఒడియా కుర్రాడి మూతి దగ్గర మైకు పెట్టి "క్యా అచ్ఛా లగా భాయ్?" అన్నాను.

"పంఖా," అన్నాడు.

డాక్టర్ని వాడింకా కలవనే లేదు. టోకెన్ చేతిలోనే ఉంది. కాగితం మాత్రం నింపేశాడు.

డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. అసలు కాగితంలో చదవకుండా మొదటి గడే టిక్కు కొడుతూ పోతే పదహారూ నాలుగూ కలిసి 20 దగ్గర ఆగుతుందట. ఎవరు చదవలేదో పట్టించే ఆ ఒక్క ఏర్పాటునీ నేనే పీకేశాను. పైగా మందులిచ్చే బల్ల పక్కనే, వాళ్ల నెత్తిన నిలబడి మరీ నింపించాను. పెళ్లివారు విస్తరి దగ్గరికొచ్చి "వంటలెలా ఉన్నాయండీ?" అంటే మీరేమంటారు? చప్పిడి పప్పు మింగుతూ "అద్భుతం" అనరూ?

ఆరోజు నేను చేసిన పనికొచ్చే పని ఒక్కటే. ఆ కుర్రాడికి టెలీ మానస్ నంబరు 14416 రాసిచ్చాను. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య ఫోన్ సేవ అది, 20 భాషల్లో మాట్లాడతారు. మీరూ రాసుకోండి. మీకెవరైనా తృప్తి కాగితం ఇస్తే మాత్రం, ఇచ్చినవాణ్ణి కాస్త బయట నిలబడమనండి. వాడు నేనైనా సరే.