ఇంట్లో చెప్పొచ్చావా? (సటీకా తాత్పర్యం)

మూలం

“ఏయ్ సైకిల్! కళ్ళు కనబడ్డంలేదా? ఇంట్లో చెప్పొచ్చావా? రోడ్డు నీ బాబు సొమ్మా?”

అవతారిక

ఈ వాక్యాలకు కర్త ఎవరో తెలియదు. చాటువులకు పట్టిన అదృష్టమే వీటికీ పట్టింది. ఉదయం తొమ్మిదిన్నర వేళ కూకట్‌పల్లిలోనో, విజయవాడ బెంజి సర్కిల్ దగ్గరో, విశాఖ మద్దిలపాలెంలోనో సగం దించిన కారు అద్దంలోంచి ఇవి వెలువడుతుంటాయి. వినేవాడు సైకిలు మీద ఉంటాడు, హ్యాండిల్‌కు టిఫిను డబ్బా వేలాడుతుంటుంది. ప్రశ్నలు మూడు. ఒక్కదానికీ జవాబు అక్కర్లేదు, మూడోది పూర్తయ్యేసరికి అద్దం పైకి వెళ్ళిపోతుంది. అడుగుతున్నట్టే అడిగి తిట్టే ఈ పద్ధతికి ఆలంకారికులు కాకువని పేరు పెట్టారు. అర్థం మాటలో ఉండదు, గొంతులో ఉంటుంది.

పాఠాంతరాలు

తెలంగాణ ప్రతుల్లో “కండ్లు కనవడ్తలేవా? ఇంట్ల చెప్పొచ్చినవా? రోడ్డు నీ అయ్య జాగీరా?” అని ఉంది. హైదరాబాదులో జాగీర్లు 1949లోనే రద్దయినా ఈ ఒక్క జాగీరు మాత్రం రోడ్డు మీద చెల్లుబాటవుతూనే ఉంది. పాతబస్తీ ప్రతిలో రెండో ప్రశ్న “ఘర్ పే బోల్ కే ఆయా క్యా?” అని దక్కనీలో వినిపిస్తుంది. వీటన్నిటికీ సంక్షిప్త పాఠం హారన్. అది అన్ని ప్రాంతాలవారికీ సమ్మతం.

ప్రతిపదార్థం

ఏయ్ సైకిల్ = ఓ సైకిలు ఎక్కినవాడా! మనిషిని వాహనం పేరుతో పిలవడం లక్షణావృత్తి. ఈ మర్యాద ఆటోకూ దక్కుతుంది, కారుకు దక్కదు. “ఏయ్ క్రెటా!” అన్నవాడు లేడు, కారుకు సారు వాచకం. ఇంతకీ ఈ సంబోధన ఎందరికి వర్తిస్తుంది? 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వ్యవసాయేతర పనులకు వెళ్ళేవారిలో నూటికి 13 మంది సైకిలు మీద వెళ్ళేవారు, అంటే దాదాపు 2.6 కోట్ల మంది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే సగం ఇళ్ళలో సైకిలు ఉంది, కారున్న ఇళ్ళు నూటికి ఎనిమిది లోపే. ఆంధ్రప్రదేశ్‌లో బడికొస్తా పథకం కింద తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు ప్రభుత్వమే సైకిళ్ళు కొనిచ్చింది. తెలుగునాట సైకిలు ఎన్నికల గుర్తు కూడా. ఆ గుర్తుకు ఓట్లు బాగానే పడ్డాయి, ఆ వాహనానికి మాత్రం దారి పడలేదు.

ఇక్కడ ఒక సూక్ష్మం. సంబోధ్యులు రెండు తెగలు. మొదటి తెగ వాచ్‌మన్లు, పేపరు కుర్రాళ్ళు, ఫ్లాస్కు కట్టుకుని చాయ్ అమ్మేవాళ్ళు. రెండో తెగ ఆదివారం తెల్లవారుజామున హెల్మెట్టూ చలువ కళ్ళద్దాలూ పెట్టుకుని గేర్ల సైకిళ్ళ మీద గచ్చిబౌలి వైపు పోయేవాళ్ళు. మూలంలోని మాట రెండో తెగ దగ్గరికి వచ్చేసరికి కాస్త మెత్తబడుతుంది, ఆ సైకిలు ఖరీదు మోటారుసైకిలు కంటే ఎక్కువేమోనన్న అనుమానం వల్ల.

కళ్ళు కనబడ్డంలేదా = నా కారు నీకు కనిపించుటలేదా అని భావం. నిజానికి ఈ ఘట్టంలో చూపు ఎక్కువున్నది సైకిలువాడికే. డ్రెయిను మీది ఇనప జాలీ, రోడ్డు వారన పోసిన ఇసుక, మూత లేచిన మ్యాన్‌హోలు, ఆగిన కారు తలుపు తెరుచుకోవడం అతని కంటికి వరసగా ఆనుతుంటాయి. వీటిలో దేన్ని తప్పించుకోవాలన్నా రెండడుగులు కుడికి జరగాలి. వెనకున్న కారుకు జాలీ కనిపించదు, జరిగిన రెండడుగులే కనిపిస్తాయి. “వంకరటింకరగా తొక్కుతారు” అనే ప్రసిద్ధ అభియోగానికి పుట్టుక ఇదే.

అయితే రాత్రివేళ ఈ ప్రశ్న న్యాయమైనదే. దీపం లేని నల్ల సైకిలు, వీధిదీపం వెలగని రోడ్డు, ఎదుటి లారీ హెడ్‌లైటు, ఈ మూడూ కలిస్తే ఎంత మంచి కళ్ళకైనా ఏమీ కనబడదు. ఒకప్పుడు మున్సిపాలిటీలు సైకిలుకు పన్ను కట్టించుకుని బిళ్ళ ఇచ్చేవి. లైటు లేకపోయినా, డబుల్స్ తొక్కినా పోలీసు ఆపి జరిమానా రాసేవాడు. బిళ్ళా పోయింది, డైనమో పోయింది, వెనక మడ్‌గార్డు చివర వేసే తెల్లరంగూ పోయింది. కొత్త సైకిళ్ళకు ప్రమాణాలున్న రిఫ్లెక్టర్లు ఉండాలని కేంద్రం 2020లో ఉత్తర్వు ఇచ్చింది కానీ, పనికి వెళ్ళేవాడి సైకిలు తరచు వాళ్ళ నాన్న కొన్నది.

ఇంట్లో చెప్పొచ్చావా = తిరిగి ఇంటికి పోకపోవచ్చు సుమా! కుశలప్రశ్న వేషంలో వచ్చిన బెదిరింపు. మూడు ప్రశ్నల్లోనూ వాస్తవానికి అతి దగ్గరగా ఉన్నది ఇదే. సైకిలూ మనిషీ కలిసి 85 కిలోలు, వేగం గంటకు 15 కిలోమీటర్లు అనుకుందాం. చిన్న కారు 1,190 కిలోలు, వేగం 60. బరువు 14 రెట్లు, వేగం 4 రెట్లు. గతిశక్తి లెక్కలో వేగాన్ని వర్గం చేయాలి గనుక 14ను 16తో హెచ్చవేస్తే 224 రెట్లు. ఒకే గీత మీద తలపడిన ఇద్దరి మధ్య తేడా ఇది. కారువాడు పొరబడితే బంపరుకు గీత పడుతుంది, అదే క్షణంలో సైకిలువాడు ఆసుపత్రిలో పడతాడు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక. అందులో సైకిలు మీద పోయినవారు 4,800 పైచిలుకు. వాళ్ళు ఇంట్లో చెప్పే వచ్చి ఉంటారు.

రోడ్డు నీ బాబు సొమ్మా = పన్ను కట్టేది నేను, తొక్కేది నువ్వా అని ఆక్షేపణ. ఇక్కడ పూర్వపక్షం బలంగానే ఉంది. కారువాడు లైఫ్ టాక్స్ కట్టాడు, పెట్రోలు పోయించిన ప్రతిసారీ కడుతున్నాడు, ఫాస్టాగ్‌లోనూ కడుతున్నాడు. సైకిలు మోటారు వాహనాల చట్టం కిందికే రాదు. లైసెన్సు లేదు, రిజిస్ట్రేషన్ లేదు.

దీనికి సిద్ధాంతి సమాధానం: సైకిలు కొన్నప్పుడు జీఎస్టీ కట్టాడు. అది 12 శాతం ఉండేది, 2025 సెప్టెంబరులో 5కు దిగింది. అద్దె రూపంలో ఆస్తిపన్నులో వాటా ఇస్తున్నాడు, ఊళ్ళోని సందులు వేయడానికి ఆ సొమ్మూ పోతుంది. ఇక రోడ్డును అరగదీసే సంగతి. 1950ల చివర అమెరికాలోని ఇల్లినాయిలో జరిగిన పరీక్షల నుంచి ఇంజినీర్లు ఒక సూత్రం తీశారు: ఇరుసు మీది బరువు ఎన్ని రెట్లు పెరిగితే రోడ్డుకు చేటు దాని నాలుగో ఘాతంగా పెరుగుతుంది. సూత్రం లారీల కోసం పుట్టింది, సైకిలు దాకా లాగితే కొంచెం సాగుతుంది. అయినా లాగి చూస్తే 14 రెట్ల కారు చేసే చేటు 38,416 రెట్లు. ఈ లెక్కన గుంత పూడ్చే బిల్లు పంచితే సైకిలువాడి వాటాకు పైసా కూడా రాదు.

అన్వయం

పదాలన్నీ విడగొట్టాక అన్వయం కుదర్చబోతే ఒక చిక్కు వస్తోంది. మూలంలో నువ్వు ఉన్నావు, నేను ఉన్నాను, రోడ్డు ఉంది. రోడ్డు వేసినవాడు లేడు. ఇలాంటి చోట లోపించిన పదాన్ని బయటి నుంచి తెచ్చి వేసుకోవడాన్ని అధ్యాహారం అంటారు. తెచ్చి వేస్తే ఏమవుతుందో టేపుతో కొలవవచ్చు.

నగరంలో ఒక వరస వెడల్పు ఉదారంగా ఉన్నచోట మూడున్నర మీటర్లు. సైకిలువాడు డ్రెయిను అంచు నుంచి అర మీటరు ఎడంగా ఉండాలి. హ్యాండిలు వెడల్పు సుమారు 0.6. కారు వెడల్పు 1.7. మధ్య ఎడం ఎంతుండాలి? 2022 జనవరిలో సవరించిన బ్రిటన్ హైవే కోడ్ గంటకు 30 మైళ్ళ వేగం లోపు కనీసం మీటరున్నర వదలమంది. కలిపితే 4.3 మీటర్లు. ఉన్నది 3.5. కారువాడు దేవుడంత ఓర్పుగలవాడైనా, సైకిలువాడు గీత గీసినట్టు తొక్కినా ఈ 0.8 మీటరు ఎక్కణ్ణుంచీ పుట్టదు. పక్క వరసలోకి మారాలి, అక్కడ బస్సు ఉంటుంది. ఆగాలి, వెనక హారన్ ఉంటుంది.

ఈ 0.8 మీటరు సంగతి దేశానికి తెలియనిది కాదు. సైకిలు దారులు ఎలా వేయాలో చెప్పే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణపత్రం, పదకొండో సంఖ్యది, 1962లోనే వచ్చింది. రోడ్లు వాహనాలను కాదు, మనుషులను చేరవేయడానికని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం రాసుకుంది. ఢిల్లీలో అంబేడ్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 5.8 కిలోమీటర్ల మేర బస్సులకూ సైకిళ్ళకూ వేరే వరసలు 2008లో వేశారు. కార్లవారు గగ్గోలు పెట్టారు, సైకిలు వరసలోకి మోటారుసైకిళ్ళు దూరాయి, 2016 నాటికి పీకేశారు. కోల్‌కతా మరీ సులువైన దారి చూసింది. 2013లో 174 రోడ్ల మీద సైకిళ్ళను నిషేధించింది.

శంకలు, సమాధానాలు

శంక: హైదరాబాదులో సైకిలు దారి వేశారు కదా, అందులో తొక్కరేం? సమాధానం: వేశారు. అవుటర్ రింగు రోడ్డు వెంబడి 23 కిలోమీటర్లు, 4.5 మీటర్ల వెడల్పు, నెత్తిన సౌర ఫలకాల కప్పు. 2023 అక్టోబరులో తెరిచారు. ఒక పాయ నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీకి, మరో పాయ నార్సింగి నుంచి కొల్లూరుకు పోతుంది. నీడలో తొక్కడానికి ముచ్చటగా ఉంటుంది. కార్ల వెనక సైకిళ్ళు కట్టుకుని అక్కడికి వచ్చేవాళ్ళున్నారు. బాలానగర్ వర్క్‌షాపులో ఎనిమిదింటికి హాజరు వేయించుకోవాల్సినవాడికి కొల్లూరులో పనేముంది?

శంక: రాంగ్ రూటులో ఎదురొస్తారే? సమాధానం: వస్తారు, అది ప్రమాదం, తప్పే. కానీ కూడళ్ళు మూసి యూటర్నులు పెట్టిన చోట ఎదురుగా కనిపించే కిరాణా కొట్టుకు పోవాలంటే కిలోమీటరు వెళ్ళి కిలోమీటరు రావాలి. కారుకు అది నాలుగు నిమిషాలు, కాస్త పెట్రోలు. సైకిలుకు ఎనిమిది నిమిషాలు, ఎండలో, సొంత మోకాళ్ళతో. ఒకే నియమానికి ఇద్దరూ చెల్లించే ధర ఒకటి కాదు.

శంక: ఇద్దరు పక్కపక్కన కబుర్లాడుతూ తొక్కడమేమిటి? సమాధానం: ఈ దోషం రెండో తెగది. సర్వీసు రోడ్డు మీద జట్టుగా పోయేటప్పుడు వెనక బండి వినబడగానే వరసలోకి రావడం మర్యాద. వ్యాఖ్యాతకు ఇక్కడ కారువారి పక్షమే సమ్మతం.

రసనిర్ణయం

స్థాయీభావం క్రోధం, రసం రౌద్రం. ఆలంబనం సైకిలు. ఉద్దీపనం ఎర్రబడబోతున్న సిగ్నల్. అనుభావాలు అద్దం దించడం, చెయ్యి ఊపడం. సాత్త్విక భావాల్లో స్వేదం సైకిలువాడికి మాత్రమే, కారులో ఏసీ ఉంది. తరువాతి సిగ్నల్ దగ్గర ఇద్దరూ మళ్ళీ పక్కపక్కన ఆగుతారు గనుక అంగరసంగా హాస్యం కూడా సిద్ధిస్తుంది.

తాత్పర్యం

ఓ సైకిలు ఎక్కినవాడా! నీకూ నాకూ కలిపి 4.3 మీటర్లు కావలసిన చోట 3.5 ఇచ్చి, ఆ ఇచ్చినదాంట్లో సగం పార్కింగుకు వదిలేసినవాడు ఆఫీసులో ఉన్నాడు, నాకు కనిపించడు. కనిపించేది నువ్వు. అందుచేత ఆయనను అడగవలసిన మూడు ప్రశ్నలూ నిన్ను అడుగుచున్నాను.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్యను చదివి, కారు ఆపాక కుడి తలుపును ఎడమచేత్తో తెరిచినవారికి ఒళ్ళు దానంతటదే వెనక్కి తిరిగి, వచ్చే సైకిలు కనబడును. సైకిలుకు వెనకొక ఎర్రదీపం బిగించినవారికి రాత్రివేళ మొదటి ప్రశ్న నుంచి విముక్తి కలుగును. వార్డు సభలో లేచి, మన రోడ్డుకు సైకిలు దారి ఏదని అడిగినవారికి, వచ్చే బడ్జెట్లో చూద్దామనే సమాధానం తప్పక లభించును.