మూడుసార్లు రాని రోగి: సటీకా తాత్పర్యము

ఆ.వె. మూడుసార్లు రాక మొదటిసారే వచ్చి
పోవు రోగి పేరు పుటను కనము;
ఒక్క గడియె ఖాళి యున్న చాలును వాని
వరుసలోని దెల్ల వట్టిదౌను.

అవతారిక: థీసిస్ గడువు నెత్తిమీదికి వచ్చిన పీజీ డాక్టరు మాస్టర్ చార్టును ఎక్సెల్ నుంచి ఎస్‌పీఎస్‌ఎస్‌లోకి దించి, రోగుల బీపీ మూడు విజిట్లలో ఎలా మారిందో చూడబోగా, సాఫ్ట్‌వేర్ చెప్పీ చెప్పనట్టు చెప్పిన పద్యమిది.

ప్రతిపదార్థం: మూడుసార్లు = మొదటి రోజు, 4వ వారం, 12వ వారం; రాక = ఊరు దూరమై గాని, గుణం కనిపించి మానేసి గాని; పుటను = రిపీటెడ్ మెజర్స్ అనోవా ఫలితాల్లో; వట్టిదౌను = వచ్చిన రోజుల కొలతలూ లెక్కకు రావు.

తాత్పర్యం: సుబోధము.

విశేషం: ఈ అనోవాకు రోగికొక అడ్డు వరుస, విజిట్‌కొక కాలమ్ కావాలి. సగటు, ఎస్‌డీ చూపే సమ్మరీ టేబుల్ మాత్రం ఏ కాలమ్‌కు ఆ కాలమ్‌నే లెక్కిస్తుంది. అందువల్ల అందులో 60, 52, 45 అని నిండుగా కనిపించిన రోగులు అనోవాకు వచ్చేసరికి 41 మందే మిగలవచ్చు. పద్యానికి ఆకరం ఆ టేబుల్ అడుగునే ఉంది: ‘వ్యాలిడ్ ఎన్ (లిస్ట్‌వైజ్)’. మెనూలు నొక్కడం ఒక పూటలో వస్తుంది. ఆ అడుగు వరుస చదివే అలవాటే ఎవరికీ రాదు. వైవాలో ఎగ్జామినర్ వేలు పెట్టేదీ అక్కడే.

ఆ అనోవా ఫలితాల్లోనే కనిపించే స్ఫెరిసిటీ పరీక్ష (విజిట్ల మధ్య తేడాల వేరియన్స్ సమానమేనా అని చూసేది) 1940లో జాన్ మౌక్లీ రాసినది. ఆయనే తర్వాత ఎనియాక్ కట్టినవారిలో ఒకడు. యంత్రం కంటే ముందు దానికి పని పుట్టించిపెట్టాడన్నమాట. పరీక్ష తప్పితే గ్రీన్‌హౌస్–గైసర్ వరుస చదువుకుంటే సరి.

శంక: రెండుసార్లు వచ్చినవాడు చేసిన పాపమేమి?

సమాధానం: ఏమీ లేదు. విజిట్‌కొక వరుసగా నిలువునా పేర్చి మిక్స్‌డ్ మోడల్‌కు ఇస్తే అతని రెండు కొలతలనూ అది వాడుకుంటుంది. రాకపోవడానికి కారణం చార్టులో ఉన్న సంగతులతో తేలేదైతేనే ఆ ఫలితాన్ని నమ్మాలి.

పాఠాంతరం: కొన్ని చార్టుల్లో ‘ఖాళి’కి బదులు ‘999’ అని ఉంది. వేరియబుల్ వ్యూలో దాన్ని మిస్సింగ్ అని చెప్పకపోతే వరుసలన్నీ నిండుతాయి, 60 మందీ హాజరవుతారు, 12వ వారం సిస్టాలిక్ సగటు 130 నుంచి 347కు లేస్తుంది. ఈ పాఠం అగ్రాహ్యం.