కంకరకున్న పాటి మర్యాద

అమెరికా పౌరసత్వ పరీక్షకు కూర్చునే మన ఖమ్మం పిల్లలు 2025 దాకా బట్టీపట్టిన ప్రశ్నల్లో ఒకటుంది: ఆ దేశ రాజ్యాంగం ఏ మూడు మాటలతో మొదలవుతుంది? 'వుయ్ ది పీపుల్' అంటే మార్కు పడిపోయేది. మన పీఠిక కూడా ప్రజల పేరుతోనే మొదలవుతుంది కాబట్టి ఇదేమంత కష్టం కాదు. భద్రాచలం శివార్లలోని ఎటపాకలో మాత్రం "మీది ఏ రాష్ట్రం?" అన్న ప్రశ్నకే బుర్ర గోక్కోవాలి. 2014 ఏప్రిల్ 30న అక్కడివాళ్లు భద్రాచలం స్థానానికి ఓటేశారు. మే 29న పోలవరం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపే ఆర్డినెన్స్ వచ్చింది. జూన్ 2న తెలంగాణ పుట్టింది. జులైలో పార్లమెంటు ఆ ఆర్డినెన్స్‌ను చట్టం చేసేసింది. గెలిచిన సున్నం రాజయ్య గారు హైదరాబాద్ అసెంబ్లీకి వెళ్లారు, ఓటేసిన జనంలో సగం మండలాలవాళ్లు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లారు, అదీ ఇంట్లోంచి కాలు కదపకుండా. కలెక్టరాఫీసు ఖమ్మం నుంచి కాకినాడకు మారింది, 2022లో పాడేరుకు మారింది. భద్రాచలంలో చర్ల బస్సెక్కిన మనిషి చిల్లర లెక్కపెట్టుకునేలోపు ఆంధ్రలోకి వెళ్లి మళ్లీ తెలంగాణలో తేలతాడు. రాముడు తెలంగాణలో ఉండిపోయాడు, పురుషోత్తపట్నంలోని ఆయన భూములు మాత్రం ఆంధ్రకు పోయాయి. అంటే దేవుణ్నీ అడగలేదన్నమాట. వివక్ష లేదు, సంతోషం.

ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు, అదే అసలు విశేషం. మన రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం సరిహద్దు మార్చే బిల్లును రాష్ట్ర శాసనసభకు పంపి అభిప్రాయం అడిగితే చాలు, దాన్ని పాటించక్కర్లేదు. అమెరికావాళ్లు 1787లో రాసుకున్న నాలుగో అధికరణం ఇంకోలా ఉంది: ఒక రాష్ట్రాన్ని చీల్చి కొత్త రాష్ట్రం చెయ్యాలంటే ఆ శాసనసభ ఒప్పుకోవాల్సిందే. వెంటనే ఒకాయన లేచి అడుగుతాడు, న్యాయంగానే అడుగుతాడు: ఆ నిబంధన ఇక్కడ ఉంటే తెలంగాణ వచ్చేదా? ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2014 జనవరిలో విభజన బిల్లును తిరస్కరించింది కదా! నిజమే, వచ్చేది కాదు. పైగా అమెరికా నిబంధన కూడా చూడ్డానికే ముచ్చట. 1863లో వర్జీనియాను చీల్చినప్పుడు, తిరుగుబాటులో చేరిన రిచ్‌మండ్ ప్రభుత్వాన్ని పక్కనపెట్టి, వీలింగ్‌లో కూర్చున్న యూనియన్ అనుకూల ప్రభుత్వం చేతే 'సరే' అనిపించుకున్నారు. పాలితుల సమ్మతి గురించి 1776లోనే ప్రకటన రాసుకున్న ఆ దేశం, అక్కడి ఆదివాసులందరినీ పౌరులుగా ఒప్పుకునేసరికి 1924 వచ్చింది. కాబట్టి అమెరికా అధికరణాన్ని తెచ్చి ఇక్కడ అతికించమని నేననడం లేదు. ఆ నిబంధన కూడా అడిగేది శాసనసభనే. ఊరిని అడిగే పని రెండు దేశాలూ పెట్టుకోలేదు.

ఊరిని అడిగే చట్టం మనకు లేదనుకుంటే పొరపాటు. ఎటపాక ఉన్నది ఆదివాసుల కోసం పెట్టిన ఐదో షెడ్యూలు ప్రాంతంలో. 1996 నాటి పీసా చట్టం ప్రకారం ఇక్కడ కంకర, ఇసుక లాంటి చిన్నతరహా ఖనిజాలకు లీజు ఇవ్వాలంటే గ్రామసభ గానీ పంచాయతీ గానీ సిఫారసు చెయ్యాలి. ప్రాజెక్టు కోసం భూమి తీసుకోవాలన్నా, జనానికి పునరావాసం చూపించాలన్నా ముందు సంప్రదించాలి. అంటే గుట్ట మీది కంకర గుట్ట దిగాలంటే కోయ పెద్దల మాట కావాలి, గుట్టతో సహా ఊరు మొత్తం రాష్ట్రం దాటడానికి ఎవరి మాటా అక్కర్లేదు. పోలవరం ముంపు గ్రామాలన్నీ ఒకే ప్రభుత్వం కింద ఉంటే పునరావాసం సులువన్న వాదనను కొట్టిపారెయ్యను, అందులో పస ఉంది. అంత పసున్న వాదనను గ్రామసభలో చెప్పడానికి మొహమాటమెందుకో తెలియదు. 2022 జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు చేరింది, మూడో ప్రమాద హెచ్చరికే 53. ఆ వరద తర్వాత ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచుకలపాడు పంచాయతీలను తెలంగాణలో కలపాలన్న గొడవ మళ్లీ రాజుకుంది. దానికి వచ్చిన జవాబులన్నీ మంత్రులు మంత్రులకు చెప్పుకున్నవే.

పౌరుడి బాధ్యతలకు మాత్రం లోటు లేదు. 51-ఎ అధికరణంలో పదకొండు విధులున్నాయి, అడవుల్ని కాపాడటం వాటిలో ఒకటి. కోయవాళ్లకు అది చెప్పిన ధైర్యానికి మెచ్చుకోవాలి. గ్రామసభలను అడిగితే రేపు ప్రతి ఊరూ రాష్ట్రం మారతానంటుందని, దేశం ముక్కలవుతుందని భయపడేవాళ్లున్నారు. అడగడం వేరు, ఆ మాటే చెల్లాలనడం వేరు. శాసనసభ అభిప్రాయాన్ని విని పక్కనపెట్టే హక్కు పార్లమెంటుకు ఉన్నట్టే, గ్రామసభ మాటనూ విని పక్కనపెట్టొచ్చు. కాకపోతే వినాలి. ఖర్చంటారా, ఐదు పంచాయతీలు, ఐదు మినిట్స్ పుస్తకాలు, తలా ఒక పూట. ఒక్క ఇసుక రేవు లీజు ఫైలుకు అంతకంటే ఎక్కువ కాగితం పడుతుంది.