‘న్యాచురల్‌గా ఆడుకో’ అను మహావాక్యానికి టీకా తాత్పర్యాలు

మూలం: “బుజ్జీ, న్యాచురల్‌గా ఆడుకో. ఇటు చూడు. కదలకు.”

ఇది గద్యం. కర్త ఎవరో తెలియదు. ఫాల్గుణ చైత్రాలలో ఏలూరు కాలవగట్టు మొదలుకొని కొల్లేటి లంకల దాకా, ఎండ తగ్గి వెలుతురు పసుపు తిరిగే వేళ వినిపిస్తుంది. తాడేపల్లిగూడెం ప్రతిలో ‘బుజ్జీ’ అన్నచోట ‘నాన్నా’ అని పాఠాంతరం. ఆడపిల్లనైనా అలాగే పిలుస్తారు కనుక అర్థభేదం లేదు. కొన్ని ప్రతులలో చివర కనిపించే ‘చీజ్ అను’ ప్రక్షిప్తం; చేపల చెరువుల సీమలో ఆ పదార్థానికి ప్రసక్తి లేదు.

శాస్త్రారంభంలో అనుబంధ చతుష్టయం చెప్పడం మర్యాద. అధికారి, అంటే ఈ వాక్యం పలకడానికి అర్హుడు, వీపున మూడు కళ్లున్న ఫోను చేతబట్టిన తండ్రి గాని, పుట్టినరోజు ప్యాకేజీలో ‘క్యాండిడ్ షూట్’కి విడిగా డబ్బు పుచ్చుకున్న స్టూడియో మనిషి గాని. విషయం పిల్ల ఆట. సంబంధం, ఆడుతున్న పిల్లకూ ఆడమన్న పెద్దకూ మధ్య ఉండేది. దాని సంగతి ముందు ముందు చెప్పక తప్పదు. ప్రయోజనం వాట్సాప్ స్టేటస్. అది 24 గంటలుండి మాయమవుతుంది. సర్వం క్షణికమన్న బౌద్ధులు ఏ వస్తువుకూ అంత గడువివ్వలేదు.

అవతారిక. ప్రబంధాలలో వసంతమంటే మలయమారుతం, మల్లెలు, తుమ్మెదలు. కొల్లేటి సీమ వసంతం వేరు. ఒంటిపూట బడులు మొదలవుతాయి. వేప పూత రాలుతుంది, మామిడి పిందె కండపడుతుంది. బుడమేరూ తమ్మిలేరూ తెచ్చిపోసిన వాననీరు ఉప్పుటేరు దారిన సముద్రానికి పోయి, సరస్సు అంచులు వెనక్కి జరుగుతాయి. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర ఫాల్గుణంలోనే; అక్కడ కొన్న బూర చైత్రం రాకముందే మూగబోతుంది. మిట్టమధ్యాహ్నం వీధిలో పిల్లలుండరు. ఎండ వాలాక ఎవరూ పిలవకుండానే వస్తారు.

మూలంలోని పిల్ల ఆ సమయంలో చేస్తున్న పని ముంజకాయల బండి. ముంజలు తినేసిన రెండు తాటికాయలకు అడ్డంగా పుల్ల గుచ్చితే చక్రాలూ ఇరుసూ సిద్ధం. పొడవాటి పంగల కర్రతో ఇరుసును నెడుతూ పరుగెత్తాలి. కాయలు రెండూ ఒక ఈడువి కాకపోతే బండి చిన్నదాని వైపు లాగుతుంది. ఆ లాగుడును మణికట్టుతో సరిదిద్దుకుంటూ పోవడం ఈ విద్యలో కిటుకు. ఇందులో మునిగిన పిల్ల ఇటు చూడదు. చూస్తే బండి కాలవలో పడుతుంది.

ప్రతిపదార్థం విడువబడింది. మాటలన్నీ తేలికవి. అవసరం లేనిది చెప్పనని వ్యాఖ్యాతల్లో పెద్దవాడైన మల్లినాథసూరి, మెదకు సీమ కొలచలం ఇంటిపేరువాడు, ప్రతిజ్ఞ చేశాడు. ఈ టీక అటువంటి ప్రతిజ్ఞ ఏదీ చెయ్యలేదని పాఠకులు గుర్తుంచుకోవాలి.

అన్వయం దగ్గర చిక్కు ఉంది. వాక్యంలో ఆజ్ఞలు మూడు. ఆడితే కదలాలి, కదలకపోతే ఆడలేదు. ఇది విరోధాభాసమని కొందరు. అది తగదు. విరోధాభాసంలో విరోధం చివరకు తీరిపోవాలి. ఇక్కడ తీరదు, పిల్ల ఏడుస్తుంది. ‘కదలకు’ అన్న మాటకు ఒకప్పుడు అర్థముండేది. 1839లో డాగేరు తన పద్ధతిని లోకానికి వెల్లడించిన తొలిరోజుల్లో బొమ్మ పడడానికి నిమిషాలు పట్టేది. తల కదలకుండా వెనక ఇనుప పట్టీ ఉండేది. పసిపిల్లలైతే తల్లి గుడ్డ కప్పుకొని కుర్చీలా కూర్చుని బిడ్డను పట్టుకునేది; అలా ముసుగు కింద దాగిన తల్లుల ఫొటోలు పందొమ్మిదో శతాబ్దంవి ఇప్పటికీ దొరుకుతాయి. నేడు సెకనులో వెయ్యో వంతు కాలంలో పరుగును పట్టే యంత్రం జేబులో ఉంది. కారణం పోయింది, గద్దింపు మిగిలింది.

అలంకారం. ఇక్కడ కొంచెం ఆగాలి.

పైకి ఇది స్వభావోక్తి. తెలుగు వ్యాకరణం బడిలో చదివినవారికి ఆ పేరు వినగానే చెవులు నిక్కించి గెంతే జింకలు గుర్తొస్తాయి. ఆ జింకలను ఇటు చూడమని ఎవరూ అనలేదన్నది గమనార్హం. ఉన్నదాన్ని ఉన్నట్టు, అయితే కళ్లకు కట్టేట్టు చెప్పడం దీని లక్షణం. తేలికైన అలంకారమని విద్యార్థులు మార్కులకోసం దీన్ని నమ్ముకుంటారు గాని, ఆలంకారికులను ఇంతగా పీడించినది మరొకటి లేదు. భామహుడు దీన్ని కొందరు అలంకారంగా ఒప్పుకుంటారని, ఆ కొందరిలో తాను ఉన్నదీ లేనిదీ తేల్చకుండా తప్పుకున్నాడు. దండి మాత్రం కావ్యాదర్శంలో దీనికి మొదటి పీట వేశాడు. జాతి, క్రియ, గుణం, ద్రవ్యం అని నాలుగు విధాలుగా విడదీసి, మొదటి రెండింటికీ చిలకలనూ పావురాన్నీ చూపించాడు. మమ్మటుడు కావ్యప్రకాశంలో లక్షణం చెబుతూ, వర్ణించవలసినవాటిలో అన్నిటికన్నా ముందు పసిపిల్లలనే పేర్కొన్నాడు: వాళ్ల చేష్టలు, వాళ్ల రూపు. అంటే కాశ్మీరంలో తొమ్మిది వందల యేళ్లనాడే ఈ శాస్త్రానికి ప్రధాన వస్తువు ఆడుకుంటున్న పిల్ల అని తేలిపోయింది.

దీనికి గట్టి ఆక్షేపం కుంతకుడిది. వస్తువు స్వభావమే దాని శరీరం. శరీరమే అలంకారమైతే ఆ అలంకారం దేన్ని అలంకరిస్తుంది, తన భుజం మీద తానే ఎవడెక్కగలడు అని వక్రోక్తిజీవితంలో నిలదీశాడు. కెమెరా పుట్టడానికి ఎనిమిది శతాబ్దాల పైచిలుకు ముందు ఫొటో కళేనా అన్న ప్రశ్న అదే. జవాబు మహిమభట్టు ఇచ్చాడు. స్వభావం రెండు రకాలన్నాడు. ఒకటి సామాన్యం, అందరికీ కనబడేది. రెండోది విశేషం, ప్రతిభ గలవాడికి ప్రత్యక్షమయ్యేది. తాటికాయల బండి నెట్టే పిల్లలందరూ సామాన్యం. ఎడమకు లాగే బండిని దారికి తెస్తున్న క్షణంలో ఈ పిల్ల నాలుక చివర పంటికింద నొక్కుకోవడం విశేషం. దాన్ని చూడాలంటే కాచుకు కూర్చోవాలి. పిలిస్తే రాదు. పిలిస్తే నాలుక లోపలికి పోతుంది.

భాగవతంలోనూ ఇదే జరిగింది. యశోద పిల్లవాణ్ణి రోటికి కట్టబోతే ఎన్ని తాళ్లు ముడివేసినా రెండు వేళ్ల మేర చాలలేదు. ఫ్రేము కట్టేవారందరికీ ఆ రెండు వేళ్లు తక్కువ. ఆ లీలను తనివితీరా తెనిగించిన పోతన కృష్ణుణ్ణి రోటికి కట్టాక కూడా కదలకుండా ఉంచలేదు.

ప్రకృతం మరుగున పడింది. మూలంలోని ఫొటో స్వభావోక్తి కాదని చెప్పడానికే ఇదంతా. ఆడుతున్నట్టుగా నిలబెట్టిన పిల్ల, పరుగెత్తినట్టుగా ఎత్తిన కాలు: అన్నిటా ‘అట్లు’ ఉంది కనుక ఇది ఉత్ప్రేక్ష. బండి పక్కకు పెట్టించి, ముంజ రసం అంటిన గౌను విప్పించి, తెల్లగౌను తొడిగి, గుర్రపుడెక్క పువ్వు చేతికిచ్చి తీస్తే సందేహమే లేదు. తాడేపల్లిగూడెంవారికి రెండో ప్రపంచయుద్ధం నాటి ఎయిర్‌స్ట్రిప్ ఉండడంతో నేపథ్యం వెతుక్కునే శ్రమ కూడా తప్పింది.

పూర్వపక్షం: పిల్లలు తొందరగా ఎదిగిపోతారు, జ్ఞాపకం వద్దా? కావాలి. పాత తరానికి చిన్ననాటి ఫొటో ఉంటే ఒకటి. వెనక తెరమీద గీసిన ఉద్యానవనం, ముందు కుర్చీ, బుగ్గన దిష్టిచుక్క, ఎరువు తెచ్చిన బూట్లు. ఆ ఫొటో అబద్ధమాడలేదు. ఇది స్టూడియో, ఇది తెర, ఈ పిల్లవాడు భయపడుతున్నాడు అని ఉన్నదున్నట్టు చెప్పింది. ఇప్పటి పేచీ ఫొటో తియ్యడంతో కాదు, ‘న్యాచురల్’ అన్న మాటకు బిల్లు వెయ్యడంతో. మూడేళ్ల పిల్ల ఫోను పైకి లేవగానే మెడ ఒక పక్కకు వంచి, పళ్లు కనబడేలా మొహం పెడుతుంది. ఆ మొహం ఆటలో పుట్టింది కాదు. ఎవరో అడిగి అడిగి నేర్పించారు.

ఈ సీమలోనే మరో రకం ఛాయాగ్రహణం ఉంది. కైకలూరు దగ్గర ఆటపాక పక్షికేంద్రంలో గూడబాతుల ఫొటోల కోసం వచ్చేవారు పెద్దపెద్ద లెన్సులు మోసుకొచ్చి, పడవలో గుసగుసగా మాట్లాడుకుంటూ, గంటలకొద్దీ కాచుకుంటారు. దండి పావురానికి ఇచ్చిన గౌరవం అది. పక్షి తల తిప్పలేదని ఎవరూ చప్పట్లు కొట్టరు; కొడితే పక్కవారు ఊరుకోరు. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది, గూడబాతు ఏకాంతానికి చట్టం కాపలా ఉంది. మైలు దూరంలో బండి నెట్టుకునే పిల్లకు ఆ పాటి మర్యాద దొరకదు. ఆటా విశ్రాంతీ పిల్లల హక్కని 1989 నాటి అంతర్జాతీయ ఒడంబడిక 31వ అధికరణం చెబుతుంది. భారతదేశం 1992లో దానికి ఒప్పుకుంది. 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టం పద్దెనిమిదేళ్లలోపువారి వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అంగీకారం కావాలంటుంది. ఇక్కడ ఫోను పట్టుకున్నది సాక్షాత్తూ తండ్రి. అంగీకరించవలసినవాడూ అడగవలసినవాడూ ఒకడే కావడం వల్ల వ్యవహారం త్వరగా తెమిలిపోతుంది.

ప్రయోగవిధి స్వల్పం. పిల్ల కంటి ఎత్తుకు దిగి, కింద కూర్చోవాలి. దూరంగా ఉండాలి. సెకనులో ఐదు వందలో వంతుకు మించకుండా షట్టరు పెట్టుకోవాలి. పేరు పెట్టి పిలవకూడదు. న్యూయార్కు వీధుల్లో పిల్లల ఆటలు తీసిన హెలెన్ లెవిట్, ఎదుటివారికి తెలియకుండా పక్కకు తిరిగి చూసే వీలున్న అద్దాన్ని కెమెరాకు బిగించుకుంది. ఫ్రాన్సులో లార్తీగ్ ఇంకా తేలిక దారి పట్టాడు: చిన్నతనంలోనే కెమెరా పుచ్చుకుని, గెంతే అన్ననూ బంధువులనూ తానే తీశాడు. ఏలూరులో కెమెరా పిల్ల చేతికిస్తే పడేస్తుందని ఇవ్వరు. తాటికాయల బండిని పెద్దలు ఎక్కడ పడేశారని పిల్ల అడిగితే జవాబుండదు.

ఆవృత్తి. మూలాన్ని ఎన్నిసార్లు పఠించాలో శాస్త్రం చెప్పలేదు. ‘ఇంకొక్కటి’ అనే వార్తికంతో కలిపి, పిల్ల ఏడ్చేదాకా పఠించడం ఆచారం. ఏడుపు మొదలైన క్షణంలో ఫోను జేబులోకి పోతుంది. అది పిల్ల తనంతట తాను చేసిన పని కాబట్టి ఆ ప్యాకేజీలో స్వభావోక్తికి చెల్లే ఉదాహరణ అదొక్కటే; ఏ ప్రతిలోనూ లభ్యం కాదు.