‘శిమరకడ’ వ్యాఖ్య

మూలం: శిమరకడ, గశవేనరు, రువుచె.

మూలానికి తోడు ఒక బొమ్మ. కరువు లెక్కలు రాసుకోవడానికి ఢిల్లీ నుంచి వచ్చిన అధికారి రచ్చకట్ట దగ్గర నిలబడి, ‘ఈ యేడు మీ ఊళ్ళో ఏముంది?’ అని అడుగుతున్నాడు. రైతు ఒక్క మాటలో బదులిచ్చాడు. పక్కనున్న కుక్క అది తనకే చెప్పాడనుకొని అధికారి పిక్క పట్టుకుంది. ఆ మాటేది?

ఈ టీక కోసమే అనంతపురం మాటలతో కూర్చిన నమూనా ఇది. ఇలాంటి ఆటను 1954లో మార్టిన్ నేడెల్ అనే అమెరికన్ ‘స్క్రాంబుల్’ పేరుతో పత్రికకెక్కించాడు. తర్వాత ‘జంబుల్’గా పేరు మారింది. తారుమారైన మాటలను సరిచేసి, వలయాల్లో పడ్డ అక్షరాలను ఏరుకొని, బొమ్మ కింద శ్లేషను పూరించాలి.

ప్రతిపదార్థం: శిమరకడ = మడకశిర. 2022 ఏప్రిల్ నుంచి ఇది శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది కదా, అనంతపురం పజిల్లో ఎందుకు? మూలకర్త పాత జిల్లా మనిషి, అంతే. గశవేనరు = వేరుశనగ. ఇక్కడ వ్యాఖ్యాతకు అభ్యంతరముంది. పండించేవాళ్ళు బుడ్డలంటారు, శెనక్కాయలంటారు. వేరుశనగ పేపరు మాట. పొలంలో వినని మాటను పొలంవాడి చేత వెతికించడం అన్యాయం. రువుచె = చెరువు. అనంతసాగరమనే చెరువు వల్లే అనంతపురానికి ఆ పేరొచ్చిందంటారు కనుక దీనికి వేరే సమర్థన అక్కర్లేదు.

సాధించే తీరు: అయిదక్షరాలను 120 రకాలుగా పేర్చవచ్చు. అయినా తెలుగు గడిలో గుణింతంతో సహా అక్షరం కూర్చుంటుంది కాబట్టి దారి కొంత తెలుస్తుంది. ‘వే’ వంటి దీర్ఘం కనబడితే ముందు మొదటి గడిలో పెట్టి చూడాలి. ళ, ణ కనిపిస్తే మొదటి గడి వాటిది కాదు.

వలయాలు మొదటి మాటలో మూడో గడికి, రెండో మాటలో రెండో గడికి, మూడో మాటలో చివరి గడికి. క, రు, వు. శంక: ‘రు’ చెరువులోనూ ఉండగా వేరుశనగ దాకా పోవడమెందుకు? సమాధానం: ఆ చెరువులో ఉన్నదే కొంచెం, రెండక్షరాలు తోడితే అడుగు తేలుతుంది.

తాత్పర్యం: కరువు నామవాచకంగా క్షామం; ‘కరుచు’ ధాతువుకు విధిరూపంగా కుక్కకిచ్చిన ఆజ్ఞ. కొన్ని పత్రికలు ‘కరవు’ అని అచ్చువేస్తాయి. కుక్కకు ఆ పాఠమూ సమ్మతమే.

విశేషం: తెలుగువాడికి ఈ విద్య కొత్తది కాదు. అవధానంలో వ్యస్తాక్షరి ఇదే. పృచ్ఛకుడు ఒక వాక్యంలోని అక్షరాలను వరస తప్పించి, ఒక్కోదాన్నీ దాని సంఖ్యతో నడుమ నడుమ అందిస్తాడు. అవధాని చివర్లో వాక్యమంతా అప్పజెప్పాలి. అవధానికి సంఖ్య ఇస్తారు, పెన్సిలివ్వరు. పత్రిక పాఠకుడికి పెన్సిలుంది, సంఖ్య లేదు. ఎవరి కష్టం పెద్దదో తేల్చడం ఈ టీకకు మించిన పని. ఇక శ్లేష విషయానికొస్తే, పింగళి సూరన రాఘవపాండవీయమంతా రామాయణ, భారతాలు రెంటికీ అన్వయించేలా నడిపాడు. మూడక్షరాల కరువు దానిముందు ఎంత! పైగా ఇది అభంగశ్లేష. మాటను విరవకుండానే రెండర్థాలూ వస్తాయి.

అసలు దోషం వేరే ఉంది. పడమటి కనుమలు నైరుతి మేఘాన్ని ఆపేస్తాయి, తూర్పు తీరం తుపాను దూరం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ సీమలో, అధికారి బొమ్మ చూడగానే జవాబు తెలిసిపోతుంది. పాఠకుడు కరువు నుంచి వెనక్కు నడిచి మడకశిరను పట్టుకుంటాడు. ఇలా వెనకనుంచి సాధించడం ఈ ఆటలో ఎక్కడైనా ఉన్నదే కానీ, ఇక్కడ అది మరీ సులువు.

అందుకే మూలకర్తకు ఇంకో జవాబు సూచించవచ్చు: ‘వానరాక’. వాన యొక్క రాక అని ఒక అన్వయం, వాన రాకుండా అని మరొకటి. జూన్‌లో రైతులు మొదటి అర్థమే చెప్పుకుంటారు. ఆగస్టుకు రెండోది సాధువవుతుంది.