మీవాడు ఏ మ్యాథ్‌లో ఉన్నాడండీ?

అమెరికాలో తెలుగువాళ్లు నలుగురు చేరినచోట కులం అడగరు. అది మర్యాద కాదని అందరికీ తెలుసు. పైగా ఇంటిపేరు విన్నాక అడగాల్సిన పనీ ఉండదు. అడిగేది వేరు. పాట్‌లక్‌కి తెచ్చిన పప్పుచారు గిన్నె మూత ఇంకా తీయకముందే "మీవాడు ఏ మ్యాథ్‌లో ఉన్నాడండీ?" అన్న ప్రశ్న వచ్చేస్తుంది. సిక్స్త్ గ్రేడ్‌లో మామూలు మ్యాథే అని నోరుజారిన తల్లిని, చావింటికి పరామర్శకొచ్చినట్టు చూస్తారందరూ. "పోనీలెండి వదినగారూ, సెవెన్త్‌లో ఎక్కించేయొచ్చు. మాకు తెలిసిన సెంటర్ ఉంది" అని ఒకావిడ చెయ్యి పట్టుకుని ఓదారుస్తుంది. ప్రీ-ఆల్జీబ్రా అంటే పరువు దక్కినట్టే. ఆరులో ఆల్జీబ్రా వన్, ఏడులో జామెట్రీ, ఎనిమిదిలో ఆల్జీబ్రా టూ అని గడగడా చెప్పగలిగిన ఇంటాయన మాత్రం కుర్చీలో వెనక్కి వాలి, పెరుగన్నం కూడా తీరిగ్గా తింటాడు. ఆ ఆల్జీబ్రా చేస్తున్న పదకొండేళ్లవాడు బేస్‌మెంట్‌లో ఎక్కడో ఉంటాడు. వాణ్ని ఎవరూ ఏమీ అడగరు.

ఎలిమెంటరీలో ఈ ఘనత పేరు గిఫ్టెడ్. మిడిల్ స్కూలుకొచ్చేసరికి ఆనర్స్, అడ్వాన్స్‌డ్, యాక్సిలరేటెడ్ అంటూ డిస్ట్రిక్టుకో పేరు. గేటు మాత్రం చాలాచోట్ల ఒకటే, కాగాట్ లాంటి పరీక్ష. పుట్టుకతో ఉన్న చురుకుదనాన్ని పట్టుకుంటుందని ఆ పరీక్షను నమ్ముతారు. పుట్టుకతో వచ్చినదాన్ని పట్టుకోవడానికి మనవాళ్లు ఆర్నెల్ల ముందే ప్రాక్టీసు పుస్తకాలు కొంటారు.

అందులో ఒక రకం ప్రశ్న ఉంటుంది, చూసి తీరాలి. చదరపు కాగితాన్ని ఓసారి మడిచి, మళ్లీ మడిచి, ఒకచోట చిల్లు పొడిచిన బొమ్మ వేస్తారు. విప్పితే చిల్లులెన్ని, ఎక్కడెక్కడ? ఎన్నడూ చూడని చిక్కు ఎదురైతే పిల్లవాడి బుర్ర ఎటు పరిగెడుతుందో చూద్దామని అది పెట్టారు. మన డైనింగ్ టేబుల్ మీద ఆదివారం పొద్దున ఏం జరుగుతుందో చూడండి. అమ్మ నిజంగానే కాగితాలు మడిచి, పంచింగ్ మెషీన్‌తో చిల్లులు పొడిచి, విప్పి చూపిస్తుంటుంది. తెల్లటి చుక్కలు టేబుల్ నిండా, కొన్ని ఇడ్లీ ప్లేటులో కూడా. "మూలగా మడిస్తే ఎటు పోతుంది? నిన్ననే కదరా చెప్పాను!" అని ఓ మొట్టికాయ. నెల తిరిగేసరికి వాడికి అన్ని మడతలూ నోటికొచ్చేస్తాయి. పరీక్షలో కొత్త చిక్కంటూ ఏదీ మిగలదు. 99 పర్సెంటైల్ వస్తుంది. వచ్చినవాడు మేధావి, మొట్టినావిడ మేధావి తల్లి.

అసలు కథ ఆ తర్వాత మొదలవుతుంది. ఆరో తరగతిలో టీచరు చెప్పబోయే పాఠాన్ని ట్యూషన్ సెంటర్‌లో వాడు నాలుగులోనే చదివేశాడు. క్లాసులో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటాడు. అమ్మానాన్నలు స్కూలుకెళ్లి, "మావాడికి బోర్ కొడుతోందండీ, ఛాలెంజ్ చాలడంలేదు" అంటారు. డబ్బు కట్టి తెచ్చుకున్న బోరు, తెలివికి రుజువుగా ఫైల్లోకెక్కుతుంది. వాణ్ని పై క్లాసులో వేస్తారు. సెంటర్‌వాళ్లు ఊరుకుంటారా, అంతకు పై పాఠం ఎత్తుకుంటారు. వాడికి అక్కడా బోరే. ఇలా బోరు మీద బోరు ఎక్కి, టెన్త్ గ్రేడ్‌లో ఏపీ కాల్క్యులస్ బీసీ దాకా పోతాడు. ఒక పాఠాన్ని మొదటిసారి స్కూల్లో, టీచర్ నోట విని, "ఓహో!" అనుకునే భాగ్యం మాత్రం ఆ పిల్లవాడికి ఇన్నేళ్లలో ఒక్కసారీ దక్కదు.

ఇదంతా మనకు కొత్తేం కాదు లెండి. హైదరాబాదు నల్లకుంటలో చుక్కా రామయ్యగారు ఐఐటీ కోచింగ్ పెట్టి, చేరడానికి ఎంట్రన్సు రాయమన్నారు. వెంటనే రామయ్య ఎంట్రన్సుకి కోచింగ్ ఇచ్చే సెంటర్లు వెలిశాయి. అక్కడ సీటొచ్చి చదివినవాళ్లు, రాక ఆ కసితో చదివినవాళ్లు ఇవాళ న్యూజెర్సీలో, టెక్సాస్‌లో తండ్రులు. "ఆ గొడవలో పిల్లల్ని పడేయకూడదనే కదండీ ఇక్కడికొచ్చింది" అని ప్రతివాడూ అంటాడు, ట్యూషన్ సెంటర్ ముందు కారు పార్క్ చేస్తూ. వాళ్లను మరీ ఆడిపోసుకోనూలేను. నాన్న ఈబీ-టూ గ్రీన్‌కార్డు క్యూలో ఏళ్ల తరబడి ఉన్నచోటే ఉన్నాడు. ఆ ఇంట్లో ముందుకు కదులుతున్నది ఒక్క మ్యాథే.

పిల్లల తెలివిని కొలిచి వేరుచేసే ఈ యావను అమెరికాకు గట్టిగా అంటించినవాడు స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ లూయిస్ టెర్మన్. 1916లో తన ఐక్యూ పరీక్షను బయటపెడుతూ, మెక్సికన్, నల్లజాతి, అమెరికన్ ఆదివాసీ పిల్లల్లో మందబుద్ధి జాతి లక్షణంలాగే కనిపిస్తోందని నిస్సిగ్గుగా రాశాడు. మరుసటి ఏడాదే అమెరికా చట్టం చేసి మన దేశంవాళ్లకు తలుపులు మూసింది. ఆ పెద్దమనిషి గీసిన గీత పైన మనవాడున్నాడని ఇవాళ మనం ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టుకుని మురిసిపోతున్నాం. 1921లో ఆయన కాలిఫోర్నియా అంతా గాలించి మేధావి పిల్లల్ని ఏరడం మొదలుపెట్టాడు, జీవితాంతం వాళ్లను గమనించాడు. ఆ వడపోతలో స్కోరు చాలక జారిపోయిన ఇద్దరు కుర్రాళ్లున్నారు. విలియం షాక్లీకి 1956లో, లూయిస్ అల్వారెజ్‌కి 1968లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. ఏరి కూర్చిన బుట్టలో ఒక్క నోబెల్ కూడా లేదు. ఈ సంగతి పాట్‌లక్‌లో చెప్పి చూశాను. "అయితే వాళ్లకి ప్రిపరేషన్ సరిగా లేదన్నమాట" అన్నాడొకాయన, నోబెల్ వచ్చినవాళ్ల గురించి.

స్కూళ్లు ఏమీ పట్టించుకోలేదనడానికి లేదు. ప్రిన్స్‌టన్ పక్కనే వెస్ట్ విండ్సర్-ప్లెయిన్స్‌బరో డిస్ట్రిక్టు ఉంది, మనవాళ్లు బాగా స్థిరపడ్డ చోటు. 2015లో అక్కడి సూపరింటెండెంట్ డేవిడ్ ఆడర్‌హోల్డ్ తల్లిదండ్రులకు 16 పేజీల ఉత్తరం రాశాడు. అంతకుముందు విద్యా సంవత్సరంలో మిడిల్, హైస్కూళ్ల పిల్లలు 120 మందికి మానసిక ఆరోగ్య పరీక్షలు సిఫారసు చేయాల్సొచ్చిందని, 40 మంది ఆసుపత్రిలో చేరారని చెప్పాడు. హైస్కూల్లో మిడ్‌టర్మ్‌లూ ఫైనల్సూ ఎత్తేశాడు, హోంవర్క్ లేని రాత్రులు పెట్టాడు, నాలుగైదు తరగతుల్లోనే మొదలయ్యే అడ్వాన్స్‌డ్ మ్యాథ్‌ను వెనక్కి జరిపాడు. వాయిద్యం సరిగా రాకపోయినా సరే, ప్రతి పిల్లవాడికీ కీచుమనిపించే హక్కు ఉందన్నాడు. ఆ ఊరు రెండుగా చీలింది. ఆసియా తల్లిదండ్రుల్లో చాలామంది "చదువుని నీరుగార్చేస్తున్నారు" అని గోల పెట్టారు. 40 మంది ఆసుపత్రిలో చేరడం ఒక వార్త, నాలుగో తరగతి మ్యాథ్ పోవడం ఒక విపత్తు!

అవతలి గట్టువాళ్లు తక్కువ తిన్నారనుకోకండి. శాన్‌ఫ్రాన్సిస్కోవాళ్లు 2014లో, సమానత్వం తెస్తామని, ఎనిమిదో తరగతి ఆల్జీబ్రాను అందరికీ తీసేశారు. నిచ్చెన తీసేస్తే ఎవరూ ఎక్కరని వాళ్ల లెక్క. డబ్బున్నవాళ్లు బయట కట్టి చదివించుకున్నారు, లేనివాడికి స్కూల్లో ఉన్నదీ పోయింది. పదేళ్లు ఇలా సమానత్వం వర్ధిల్లాక, 2024లో జనం ఓటేసి మరీ ఆల్జీబ్రా తెమ్మన్నారు. వర్జీనియాలో థామస్ జెఫర్సన్ హైస్కూలువాళ్లు 2020లో అడ్మిషన్ టెస్టు ఎత్తేసి, ప్రతి మిడిల్ స్కూలు నుంచీ ఎనిమిదో తరగతిలో పైన ఉన్న ఒకటిన్నర శాతానికి సీట్లు అట్టేపెట్టారు. కొత్తగా చేరినవాళ్లలో ఆసియా పిల్లల వాటా మూడింట రెండొంతులు దాటి ఉండేది, సగం చిల్లరకు దిగింది. తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. 2024లో సుప్రీంకోర్టు ఆ కేసు చూడనంది. ఇప్పుడిక మంచి మిడిల్ స్కూలున్న పేటలో ఇల్లు కొనాలా, చెత్త స్కూలున్న పేటలో కొని పైన తేలాలా అన్నది మనవాళ్లకు కొత్త ఆల్జీబ్రా.

ఇంత గొడవలో అసలు ఎవరికోసం ఈ ఏర్పాటు పుట్టిందో వాళ్లు ఎక్కడున్నారు? ఫ్లోరిడాలో బ్రౌవర్డ్ కౌంటీవాళ్లు వెతికారు. అంతకుముందు అక్కడ టీచరో తల్లిదండ్రులో సిఫారసు చేస్తేనే గిఫ్టెడ్ పరీక్ష. 2005 నుంచి రెండో తరగతి పిల్లలందరికీ ముందు ఒక చిన్న పరీక్ష పెట్టడం మొదలెట్టారు. అంతే! పేద పిల్లలు, నల్లజాతి, హిస్పానిక్ పిల్లలు ఎక్కడెక్కడినుంచో బయటపడ్డారు, గిఫ్టెడ్‌లో వాళ్ల సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. వాళ్లకు తెలివి ఆ ఏడాది కొత్తగా రాలేదు. స్కూలుకెళ్లి "మావాడికి బోరండీ" అనే తీరికా ఇంగ్లీషూ ఉన్న అమ్మ లేదు, అంతే. ఆ తర్వాత బడ్జెట్ కోత పడింది, పరీక్ష మానేశారు, పిల్లలు మళ్లీ కనపడకుండా పోయారు. మనం ఆ బెంచీల్లో చోటు కోసం కాగితాలకు చిల్లులు పొడుస్తూనే ఉన్నాం.

టెక్సాస్‌వాళ్లు 2023లో ఒక చట్టం చేశారు. అయిదో తరగతి మ్యాథ్‌లో పై నలభై శాతంలో ఉన్న ప్రతి పిల్లవాణ్ణీ, ఎవరూ అడక్కుండానే, ఆరులో అడ్వాన్స్‌డ్ మ్యాథ్‌లో వేసేయాలి. సిఫారసుల్లేవు, మీటింగుల్లేవు, బోరు సాక్ష్యాల్లేవు. మామూలు మనిషి సంతోషించాలి. మన అపార్ట్‌మెంట్లలో మాత్రం దిగులు కమ్మింది. "నలభై శాతం అంటే ఎవరైనా వచ్చేస్తారు కదండీ, ఇక అందులో ఏముంది?" అని. ఆ చట్టంలోనే ఒక వెసులుబాటూ ఉంది. తమ పిల్లవాడికి ఈ అడ్వాన్స్‌డ్ వద్దనుకుంటే తల్లిదండ్రులు చెబితే చాలు, తీసేస్తారు. వద్దని సంతకం పెట్టిన తెలుగు తండ్రి ఎవరైనా ఉంటే దయచేసి ఆచూకీ చెప్పండి, మ్యూజియంవాళ్లు అడుగుతున్నారు.